కొనుటకు ముందు వ్రాయు పద్దు

వస్త్రము కొనుటకై మనుష్యుడు అంగడికి పోవుట అనాదిగా ఉన్న ఆచారము. అంగడియే వచ్చి మనుష్యుని అరచేతిలో కూర్చుండుట మాత్రము మన కాలపు విశేషము. రాత్రి భోజనమై పడకపై ఒరిగినవానికి చేతిలోని ఫోను అద్దముమీద చీరలు, చొక్కాలు, కుర్తాలు వరుసగా నడచిపోవుచుండును. వ్రేలు తాకించిన చాలును. నాలుగవనాటికి మూట గుమ్మములో నుండును. మూట విప్పిన తరువాత గాని, ఇటువంటి చొక్కాలు పెట్టెలో ఇదివరకే మూడున్నవన్న సంగతి జ్ఞాపకము రాదు. ఇది ఏ ఒక్క ఇంటి కథయు కాదు. జీతము వచ్చిన పది దినములకే చేతిసొమ్ము ఎట్లు కరగినదో తెలియక తెల్లబోవు చిన్న ఉద్యోగులు నేడు ప్రతి పట్టణమునందును కలరు.

దీనికి విరుగుడుగా కొందరు కంప్యూటరులోని స్ప్రెడ్‌షీటును, అనగా నిలువు వరుసలు అడ్డు వరుసలు గల గళ్ళపట్టికను, చేపట్టినారు. కొనదలచిన వస్త్రమును కొనక మునుపే ఆ గళ్ళలో వ్రాయుదురు. వ్రాసి కొన్నాళ్ళు ఆగుదురు. పిమ్మట కొనుటయో మానుటయో నిశ్చయింతురు. చూచుటకు ఇది నిన్న మొన్న పుట్టిన యుక్తివలె నున్నది. కాని దీని వెనుక రెండు చరిత్రలు కలవు. ఒకటి వస్త్రము అమ్మువాని చరిత్ర. రెండవది పద్దు వ్రాయువాని చరిత్ర. ఈ రెండును చాలకాలము వేరువేరు దారుల నడచి, మన తరములో ఒకే అద్దముమీద ఎదురుబొదురుగా నిలిచినవి. ఆ కథనే ఇప్పుడు మేము శ్రోతలకు విన్నవింపదలచినాము.

మొదట అమ్మువాని సంగతి. మన పల్లెలలో మూటలవాడు చీరల మూటను భుజమున వేసికొని ఇంటింటికి తిరిగిన దినములు పెద్దలకు ఇంకను జ్ఞాపకమున్నవి. పట్టణమున బట్టల దుకాణమునకు పోయినచో, తెల్లని దుప్పటి పరచిన పరుపుపై కుటుంబమంతయు కూర్చుండెడిది. దుకాణదారు ఒక్కొక్క చీరను మడత విప్పి పరచెడివాడు. అత్తగారు అంచు చూచెడిది, కోడలు రంగు చూచెడిది, మామగారు వెల అడిగెడివాడు. వెల అడిగిన పిమ్మట బేరము. బేరము కుదరనిచో లేచి నాలుగు అడుగులు వేయుట, దుకాణదారు వెనుకకు పిలుచుట, తిరిగి కూర్చుండుట. ఇది యంతయు కాలహరణమని ఆధునికులు నవ్వుదురు. కాని ఆ కాలహరణములోనే ఒక రక్షణ ఉండెను. కోరికకును చెల్లింపునకును నడుమ అన్ని మెట్లు దాటవలసి యుండెను. ఏ మెట్టుపైనైనను మనస్సు మారుటకు అవకాశముండెను. అదిగాక సంక్రాంతికో దసరాకో దీపావళికో, ఇంట పెండ్లికో తప్ప క్రొత్తబట్టల మాట తలపెట్టువారు సామాన్య కుటుంబములలో అరుదు. పంచాంగమే వారికి కొంత అడ్డుకట్టగా నుండెను. అట్లని ఆ కాలమువారందరు మితవ్యయులని మేము చెప్పుట లేదు. అరువు ఖాతాలో మునిగిన కుటుంబములు ఆనాడును కలవు.

గత నూటడెబ్బది ఏండ్లలో వస్త్రవ్యాపార చరిత్ర యంతయు ఈ మెట్లను ఒక్కొక్కటిగా తీసివేసిన చరిత్రయే. 1852లో ఆరిస్టీడ్ బూసికో అను వర్తకుడు పారిస్ నగరమందలి బోన్ మార్షే అను దుకాణములో భాగస్వామి అయ్యెను. అంతకుముందు ఆ నగరమున దుకాణములో కాలు పెట్టినవాడు ఏదో ఒకటి కొనకుండ బయటికి పోవుట మర్యాద కాదు. వెల కూడ మనిషిని బట్టి చెప్పెడివారు. బూసికో ప్రతి వస్తువుపైనను వెలచీటి కట్టించెను. కొనకున్నను లోపల తిరిగి చూడవచ్చుననెను. నచ్చనిచో తిరిగి తీసికొందుమనెను. దీనితో బేరమను మెట్టు పోయినది. లోనికి వచ్చుటకు జంకు పోయినది. కొన్న పిమ్మట కలుగు భయము కూడ సగము పోయినది. జనము తండోపతండములుగా వచ్చిరి. ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా 1883లో ప్రకటించిన నవలలో ఇట్టి పెద్ద దుకాణమునే రంగస్థలముగా గైకొనెను. ఏదో చిన్న వస్తువుకొరకు వచ్చి చేతినిండ మూటలతో పోవు స్త్రీలను అతడు అందు విపులముగ చిత్రించెను.

తరువాత ప్రయాణమను మెట్టు తొలగినది. అమెరికాలో చికాగో నగరమునుండి ఆరన్ మాంట్‌గొమరి వార్డు 1872లో ఒక్క కాగితముపై తన సరకుల పట్టికను అచ్చువేసి పల్లెలలోని రైతులకు పంపెను. అతని వెనుక సియర్స్ రోబక్ కంపెనీవారి బ్రహ్మాండమైన జాబితాలు వచ్చినవి. మన దేశమునను తపాలాశాఖవారు 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టిరి. తపాలా బంట్రోతు మూట తెచ్చి ఇచ్చినప్పుడే సొమ్ము చెల్లించు ఈ ఏర్పాటు మన పాఠకలోకమునకు చిరపరిచితము. ఎన్ని తెలుగు పుస్తకములు ఈ దారిన పల్లెలకు చేరినవో లెక్క లేదు. నేడు ఆన్‌లైన్ అంగళ్ళలో మూట ఇంటికి వచ్చినప్పుడు సొమ్మిచ్చు పద్ధతికి అది పెద్దతాతవంటిది. అయితే అందులో ఒక్క గుణముండెను. జాబు వ్రాయవలెను, తపాలాపెట్టెలో వేయవలెను, పదిదినములో పక్షమో వేచియుండవలెను. మూట వచ్చునాటికి చేతిలో సొమ్ము సిద్ధముగ నుండవలెను. ఆ నిరీక్షణలో ఆవేశము చల్లారిన సందర్భములు తక్కువ కావు. మూటను తిరుగుటపాలో పంపివేసిన గృహస్థులు కొల్లలు.

పిమ్మట చేతిసొమ్మను మెట్టు. 1958లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రెస్నో పట్టణములో ఒక బ్యాంకు వేలకొలది గృహస్థులకు అడుగకయే అప్పుకార్డులు పంచిపెట్టెను. నోట్లు లెక్కించి ఇచ్చునప్పుడు కలుగు చిన్న బాధ కార్డు ఇచ్చునప్పుడు కలుగదు. ఇది కేవలము ఊహ కాదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అను ఇద్దరు పండితులు 2001లో ప్రకటించిన ప్రయోగములలో, కార్డుతో చెల్లింపవచ్చునని చెప్పినప్పుడు మనుష్యులు అవే వస్తువులకు హెచ్చు వెల ఇచ్చుటకు ఒప్పుకొనిరి. మన దేశమునకు 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతితో ఈ మెట్టు దాదాపు నేలమట్టమైనది.

మిగిలినది ఒక్క మెట్టు: చిరునామా వ్రాయుట, కార్డు సంఖ్య వ్రాయుట, సరిచూచుకొని ఒప్పుకొనుట. ఇది రెండు మూడు నిమిషముల పని. అమెరికాలోని అమెజాన్ కంపెనీవారు దానిని కూడ తీసివేసి, ఒక్క నొక్కుతో కొనుగోలు ముగియు ఉపాయమునకు 1997లో పేటెంటు కోరి 1999లో పొందిరి. పదునెనిమిది సంవత్సరములపాటు, 2017 వరకు, ఆ హక్కు వారిదే. మనుష్యుడు ఆలోచించుకొను రెండు నిమిషములను తొలగించుట ఇంత విలువగలదని ఒక ప్రభుత్వశాఖ ముద్రవేసి ఒప్పుకొనిన సంఘటన ఇది. చరిత్రకారులు దీనిని ఇంకను తగినంతగా గమనింపలేదని మా అభిప్రాయము.

ఇక పద్దు వ్రాయువాని చరిత్రకు వత్తము. తెలుగుదేశమున కరణము చేతిలో కవిలెకట్ట, షావుకారు చేతిలో చిట్టా ఆవర్జాలు ఉండెడివి. దినదినము జరిగిన బేరములను వరుసగా వ్రాయునది చిట్టా. వాటిని మనిషి పేరునో సరకు పేరునో విడదీసి ఖాతాలుగా చూపునది ఆవర్జా. ఇవి గాక కడితమను వింత పుస్తకము ఒకటి ఉండెను. గుడ్డకు చింతగింజల గంజి పట్టించి, బొగ్గుతో నల్లచేసి, మడతలుగా మడచి, దానిమీద బలపముతో పద్దులు వ్రాసెడివారు. తుడిచివేసి మరల వ్రాయవచ్చును. బట్టలపద్దును బట్టమీదనే వ్రాసిన షావుకార్లు కన్నడదేశమునను మన ప్రాంతమునను ఉండిరన్నమాట. కడితముయొక్క ఈ గుణమును, అనగా చెరిపి తిరిగి వ్రాయగలుగుటను, శ్రోతలు జ్ఞాపకమున నుంచుకొందురు గాక. ముందు దానితో పని యున్నది.

అయితే ఇవన్నియు వర్తకుల పద్దులు. 1494లో వెనిస్ నగరమున లూకా పచోలి అను సన్యాసి తన గణితగ్రంథములో ద్వంద్వపద్దు విధానమును వివరించినది కూడ వర్తకులకొరకే. తన సొంత కోరికలపై తానే పద్దు వ్రాసికొన్న గృహస్థుని చూడవలెనన్నచో పదునేడవ శతాబ్దపు లండనుకు పోవలెను. అక్కడ శామ్యూల్ పీప్స్ అను నౌకాశాఖోద్యోగి 1660 మొదలు 1669 వరకు గూఢలిపిలో దినచర్య వ్రాసెను. ఇతడు దర్జీకొడుకు. బట్టయొక్క నాణ్యమును తెలిసినవాడు, బట్టయనిన ప్రాణమిచ్చువాడు. నెల కడపటి దినమున తన ఆస్తి యెంతయో లెక్కకట్టి వ్రాసికొనుట ఇతని అలవాటు. చాల నెలలు ఆస్తి పెరిగినదని సంతోషించుచు వ్రాసెను.

1663 అక్టోబరు 31న మాత్రము లెక్క తారుమారైనది. 760 పౌనులు ఉండవలసినచోట 717 మాత్రమే కనిపించినవి. నలుబదిమూడు పౌనులు ఏమైనవని వెదకగా అవి చాలవరకు బట్టలలోనికి పోయినట్లు తేలినది. భార్యకు సుమారు 12 పౌనులు. తనకు సుమారు 55 పౌనులు. ఒక ముఖమల్ అంగీ, రెండు నల్లని దుస్తుల జతలు, బంగారు బొత్తాముల గౌను, క్రొత్త టోపీ. ఇవి చాలక రెండు కట్టుడుజుట్లు. ఒకటి మూడు పౌనులు, రెండవది రెండు పౌనులు. తన హోదాకు తగినట్లు ఇకమీద వేషము ధరింపవలెనని నిశ్చయించుకొంటినని సమాధానము కూడ చెప్పికొనెను.

ఇచ్చట ఒక్క మాట. బట్టల దుబారా స్త్రీల వ్యసనమని మనలో ఒక లోకోక్తివంటి నింద ఉన్నది. హాస్యపత్రికల బొమ్మలు సగము దీనిపైననే బ్రదికినవి. పీప్స్ పద్దును చూడుడు: పండ్రెండునకు యేబదియైదు! ఆ పద్దు వ్రాసి యుండకున్నచో ఆ ఇంటి దుబారా అంతయు ఎవరి తలకు చుట్టుకొనెడిదో ఊహింపవచ్చును. పద్దు వ్రాయుటవలన కలుగు మొదటి లాభము పొదుపు కాదు. నింద సరియైన చోటికి చేరుట.

కాని పీప్స్ పద్దులో ఒక లోపమున్నది. అది నెల చివర వ్రాసిన పద్దు. దుఃఖము కలిగినది గాని ముఖమల్ అంగీ అప్పటికే కుట్టించుట అయినది. చిత్రమేమనగా, నాటకములు చూచుట, సారాయి త్రాగుట అను రెండు వ్యసనములకు మాత్రము ఇతడు ముందే ప్రతిజ్ఞాపత్రము వ్రాసికొని, ఆదివారములందు దానిని చదువుకొని, తప్పినప్పుడు బీదల పెట్టెలో జరిమానా వేసెడివాడు. అనగా ముందు వ్రాయుటకును తరువాత వ్రాయుటకును గల భేదము అతనికి తెలియకపోలేదు.

ముందు వ్రాయు పద్దును ఇంటింటికి చేర్చిన గౌరవము జపాన్ దేశపు హని మొటోకో అను విదుషీమణికి చెందును. 1873లో జన్మించిన ఈమె ఆ దేశమున వార్తాపత్రికలో విలేఖరిగా పనిచేసిన తొలి స్త్రీలలో అగ్రగణ్య. 1903లో భర్తతో కలిసి గృహిణులకొరకు ఒక పత్రికను స్థాపించి, 1904లో ‘కకెయిబో’ అను ఇంటిపద్దు పుస్తకమును అచ్చొత్తించెను. దాని క్రమము చాల సులభము. నెల మొదలుకాక మునుపే, రాబడిలో ఆహారమునకింత, వస్త్రములకింత, పిల్లల చదువునకింత అని విడదీసి వ్రాయవలెను. ఖర్చుచేసినప్పుడు ఆయా వరుసలోనే వ్రాయవలెను. వస్త్రముల వరుసలో మిగిలినదెంతయో పుట తెరచినంతనే కనుపించును. నూరేండ్లు దాటిన పిమ్మట కూడ ఆ పుస్తకము ఏటేట అచ్చగుచు వచ్చినది. ఎన్ని జాబితాలు, ఎన్ని అంగళ్ళు ఆ కాలములో పుట్టి గిట్టినవో తలచినచో దీని ఆయుర్దాయము తక్కువ విశేషము కాదు.

కకెయిబోలో లేనిది ఒక్కటే. ‘ఈ వస్త్రమును కొన్నచో నెలాఖరున ఏమగును?’ అని దానిని అడుగుటకు వీలులేదు. అడుగవలెనన్నచో అన్ని మొత్తములను చెరిపి తిరిగి కూడవలెను. ఈ శ్రమను తొలగించినవాడు అమెరికాలో హార్వర్డు వ్యాపారవిద్యాలయమున విద్యార్థిగా నుండిన డాన్ బ్రిక్లిన్. నల్లబల్లపై గీసిన పట్టికలో ఒక్క అంకె మార్చినచో దానిపై ఆధారపడిన అంకెలన్నిటిని చెరిపి మరల వ్రాయవలసివచ్చుట అతనిని చింతింపజేసెను. ఒకటి మార్చగానే తక్కినవి తమంత తామే మారు నల్లబల్ల ఉన్నచో బాగుండునని 1978లో తలచెను. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ సాయముతో ఆ ఊహ 1979లో విసికాల్క్ అను పేర ఆపిల్ కంపెనీవారి చిన్న కంప్యూటరుపై రూపుదాల్చెను. దానికి 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు. 1983లో లోటస్, 1985లో ఎక్సెల్ దాని వెనుక వచ్చినవి. 2006లో గూగుల్ కంపెనీవారు అట్టి పట్టికను ఉచితముగ ఆన్‌లైన్‌లో ఉంచిరి. మన కడితపు షావుకారు బ్రతికి యుండి చూచినచో దీనిని వెంటనే గుర్తుపట్టి యుండును. నల్లగుడ్డ, బలపము, చెరిపి వ్రాయుట; చెరుపు పనిని మాత్రము యంత్రము చేయుచున్నది.

బ్రిక్లిన్ మిత్రులు తమ పట్టికకు పేటెంటు తీసికొనలేదు. ఆ దినములలో కంప్యూటరు క్రమణికలకు పేటెంటు దొరకుట దుర్లభమని న్యాయవాదులు సలహా ఇచ్చిరట. ఫలితముగా ఆలోచింపజేయు సాధనము లోకమునకు ఉచితమై, ఆలోచింపనీయని నొక్కు పదునెనిమిదేండ్లు ఒకరి సొత్తైనది.

వస్త్రముల పట్టిక వ్రాయువారు దానిని ఎట్లు నడుపుదురో ఇప్పుడు చెప్పవలెను. మొదటి గడిలో వస్త్రమును చూచిన తేదీ. తరువాత వస్త్రము పేరు, వెల. దాని ప్రక్కన ‘ఏ సందర్భమునకు?’ అను గడి. ఆ ప్రక్కన ‘ఇటువంటివి ఇంట ఎన్ని?’ అను గడి. ఈ రెండవ దానిని నింపవలెనన్నచో లేచి బీరువా తెరచి చూడక తప్పదు. వ్రేలికొసకు వచ్చిన కొనుగోలు బీరువా వరకు పోయి రావలసి వచ్చుటయే ఇందలి మర్మము. కూడికలు తీసివేతలు ఎవరికైనను వచ్చును; మనుష్యులకు కొరవడినది లెక్క కాదు, ఎడము. మూటలవాని బేరమును, తపాలా నిరీక్షణమును వర్తకులు తీసివేయగా, వీరు తమ చేతులతో తామే ఒక క్రొత్త మెట్టును కట్టుకొనుచున్నారు. ఆ తరువాతి గడిలో నిర్ణయము చేయవలసిన తేదీ ఉండును. కొందరు వారము దినములు, కొందరు నెలయును గడువు పెట్టుకొందురు. ఆ తేదీ వచ్చువరకు కొనరాదు.

పట్టిక అడుగున ఈ నెల వస్త్రములకు కేటాయించిన సొమ్ము, అందులో మిగులు ఉండును. కొనదలచిన వెలను పైగడిలో వ్రాయగానే అడుగున మిగులు తగ్గును. చాలనిచో అంకెకు ముందు ఋణపు గుర్తు పడును. ఇది కకెయిబోకు సాధ్యము కాని పని. కొనకయే, కొన్న పిమ్మటి నెలాఖరును చూడవచ్చును. పీప్స్ అక్టోబరు 31న పడిన దుఃఖమును అక్టోబరు మొదటి తేదీననే, ఉచితముగ పడవచ్చును!

కొన్న వస్త్రములకు మరియొక వరుస: ఎన్నిమారులు కట్టితిమి? వెలను ఆ సంఖ్యచే భాగించినచో ఒక్కమారు కట్టుటకు ఎంత పడినదో తెలియును. 6,000 రూపాయల చీరను నాలుగుమారులు కట్టినచో మారొక్కింటికి 1,500 రూపాయలు. 900 రూపాయల నేతచీరను అరువదిమారులు కట్టినచో 15 రూపాయలు. ఈ లెక్క కొందరి కన్నులు తెరిపించినది. అయినను దీనిని అన్నిటికి అన్వయించుట తగదు. తల్లి కట్టిన పెండ్లిచీరను కూతురు ఒక్కమారు కట్టుకొని దాచుకొన్నచో దానిని ఏ గడిలో భాగింతుము? భాగహారమునకు లొంగని బట్టలు ప్రతి ఇంటిలోను రెండు మూడు ఉండును. వాటిని పట్టికకు వెలుపలనే ఉంచుట వివేకము.

తగ్గింపు వెలల సంగతి వేరే చెప్పవలెను. ఏలయన మనవారు ఎక్కువగ జారునది ఇచ్చటనే. 1962లో హాకిన్స్ స్టెర్న్ అను రచయిత ఆవేశపు కొనుగోళ్ళను నాలుగు తెగలుగా విభజించెను. అందొకటి చాల వింతయైనది: ఏమి కొనవలెనో తెలియదు గాని, తగ్గింపులో ఏది దొరకిన అది కొనవలెనను సంకల్పముతో బయలుదేరుట. ఆషాఢమాసపు తగ్గింపు అమ్మకములకు పోవు మన పట్టణవాసులకు ఈ తెగను వివరింప పనిలేదు. ఇందలి మనస్తత్త్వమును అర్థశాస్త్రవేత్త రిచర్డ్ థేలర్ 1985లో విశదపరచెను. ఈయనకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. వస్తువువలన కలుగు సుఖము ఒకటి, బేరములో గెలిచితిమను సుఖము వేరొకటి అనియు, ఈ రెండవదాని కొరకే మనుష్యులు అక్కరలేని వస్తువులను కొందురనియు ఆయన సిద్ధాంతము. 2,400 రూపాయల చొక్కా 1,200కు వచ్చినచో మనస్సు 1,200 లాభమని వ్రాసికొనును. పట్టికలో లాభమునకు గడి లేదు. 1,200 ఖర్చు అని మాత్రమే పడును.

‘ఇంత శ్రమ యేల? ఆన్‌లైన్ అంగడిలోనే కోరిన వస్తువులను దాచుకొను జాబితా ఉన్నది గదా!’ అని కొందరందురు. ఆ జాబితా మనము వ్రాసినట్లే కనిపించును గాని అది మన పద్దు కాదు, అంగడివాని పద్దు. అతడు దానిని చదువును. వెల తగ్గినదని కబురంపును. ఇక రెండే మిగిలినవని తొందరపెట్టును. అంగడివారికి తమ పట్టికలు తమకున్నవి. ఎవరు ఏమి కొనిరో వరుసలుగా కూర్చి, ఇది కొన్నవారు అదియు కొనిరని సూచించు పద్ధతిని అమెజాన్ ఇంజనీర్లు ముగ్గురు 2003లో ఒక వ్యాసమున వివరించిరి. కొనువారిని గూర్చి అమ్మువాడు ఇంత విపులమైన చిట్టా వ్రాయుచుండగా, కొనువాడు తన్ను గూర్చి తాను ఒక్క పంక్తియు వ్రాసికొనకుండుట సమానుల బేరము కాదు. ప్రభుత్వమును ఈ విషయమున ఊరకుండలేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖవారు 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో ఆన్‌లైన్ వ్యాపారమునందలి 13 వంచనారీతులను పేర్కొని నిషేధించిరి. లేని తొందరను కల్పించుట, కొనువాని బుట్టలో అడుగని వస్తువును చేర్చుట, వద్దన్నవానిని సిగ్గుపరచుట అందు చేరినవి. శాసనము వంచనను ఆపగలదు. ఆశను ఆపుట దాని పని కాదు.

పట్టికకును హద్దులు కలవు. కొన్న తరువాత తీరికగా నింపు పట్టిక పీప్స్ దినచర్యయే. దుఃఖమునకు తప్ప ఎందుకును కొరగాదు. మరికొందరు రంగురంగుల గళ్ళు, చక్రములు, రేఖాచిత్రములు కూర్చుచు పట్టికనే ఒక వినోదముగా చేసికొందురు. అది ఒక వ్యసనమును మాన్పి మరియొక దానిని తగిలించుకొనుట. ఇంటిలో ఒకరి పట్టికను మరొకరు తనిఖీ చేయుట మొదలైనచో అది పద్దు కాదు, పోలీసు. హని మొటోకో పుస్తకము గృహిణి చేతికి ఇచ్చినదే గాని ఆమెపై అధికారికి ఇచ్చినది కాదు. జీతమంతయు కూటికి గుడ్డకు చాలని కుటుంబముల విషయమున ఈ ప్రసంగమంతయు అనవసరము. వారు కొనక మునుపు పదిమారులు ఆలోచించుట ఏ పట్టికయు నేర్పినది కాదు.

ఇన్ని పద్దులలోను ఈ పట్టికకే చెందిన విశేషమొకటి మిగిలియున్నది. కవిలె గాని, చిట్టా గాని, పచోలి ఖాతా గాని, కకెయిబో గాని జరిగిన ఖర్చులనే వ్రాసినవి. కొననివి వాటిలో లేవు. ఈ గళ్ళపట్టికలో గడువు తీరిన పిమ్మట ‘మానితిని’ అని వ్రాసిన వరుసలు అట్లే నిలిచియుండును: తేదీ, వస్త్రము, రంగు, వెల, సందర్భము. 1663 అక్టోబరులో పీప్స్ ఏమేమి కొనెనో, ఎంతకు కొనెనో, మూడున్నర శతాబ్దముల పిమ్మట కూడ మనము చెప్పగలము. ఆ నెలలో లండను వీథులలో అతడు ఏ దుకాణము ముందు నిలిచి, ఏ గుడ్డను చేత పట్టి చూచి, వద్దనుకొని ముందుకు సాగెనో మాత్రము అతని దినచర్య చెప్పదు.